వెబ్‌సైటు కూడా ఒక ఫైలే

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పింఛను సమస్యల గురించి మాట్లాడడానికి నాకంటె సమర్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం వేరు. ప్రోగ్రామింగు రానివాడు ఒక చిన్న వ్యాపారానికి వెబ్‌సైటు తయారు చేయడం ఎలాగ అన్నది. ఈ పని ఒకసారి చేయించి చేతులు కాల్చుకొని, రెండోసారి సొంతంగా చేసినవాణ్ణి కాబట్టి నన్ను నిలబెట్టారు.

నా అర్హతలు ముందే మనవి చేస్తాను. వయస్సు 75. 1972లో తాలూకాఫీసులో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరాను. టైపు హయ్యర్ ప్యాసయ్యాను. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు రికార్డులు బండ్ల మీద మోయించిన తరం నాది. 2008లో రిటైరయ్యాను. కంప్యూటరు భాష ఆనాడూ రాదు, ఈనాడూ రాదు. అయినా నేను పెట్టిన వెబ్‌సైటు నడుస్తున్నది. ఎందుకు నడుస్తున్నదో, అంతకుముందు పెట్టించినది ఎందుకు కూలిందో చెప్పి కూర్చుంటాను.

మా అక్కగారిని పెడన ఇచ్చాము. బందరుకు పక్కనే ఉన్న పెడన మీ అందరికీ తెలుసు. బందరు కలంకారీ అని పేరేగాని, పని ఎక్కువగా జరిగేది పెడనలోనే. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. ఇక్కడ టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో అద్దుతారు. గుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. నలుపుకు పాత ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీరు. ఎరుపు పట్టడానికి పటిక. ఆపైన పారే నీటిలో జాడించాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి. 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు బందరులో కొట్టు తెరిచిందే ఈ తీరపు గుడ్డల కోసం. వాళ్ళకంటె ముందే డచ్చివాళ్ళు వచ్చి కూర్చున్నారు. అంటే దూరదేశపు బేరం మన పెడన, బందరులకు కొత్తది కాదు. మధ్యలో మరిచిపోయాము, అంతే.

మా బావగారికి ఎనభై దాటాయి. ఆయన పని ఇప్పుడు మా మేనల్లుడు చూస్తున్నాడు. స్క్రీను మీద వేసిన గుడ్డ అదే బొమ్మతో సగం ధరకు వచ్చి బజారు పాడు చేసింది. దానికి తోడు 2020లో కరోనా వచ్చి ఎగ్జిబిషన్లు ఆగిపోయాయి. ఇంట్లో ఆరువందల మీటర్ల గుడ్డ మడత విప్పకుండా ఉండిపోయింది, వడ్డీ మాత్రం ఆగలేదు. అప్పుడు మావాడు, "మామయ్యా, అందరూ వెబ్‌సైటు పెడుతున్నారు. మనమూ పెడదాం. నువ్వు చదువుకున్నవాడివి, దగ్గరుండి చూడు" అన్నాడు. సరేనన్నాను.

2021లో విజయవాడలో ఒకాయనకు పద్ధెనిమిది వేలు ఇచ్చి చేయించాము. చూడడానికి బాగానే ఉంది. పువ్వులు కదిలేవి, పాట వచ్చేది. ఆ పేరుతో విజిటింగు కార్డులు, చేతిసంచులు అచ్చు వేయించాము. ఏడాది తిరిగేసరికి ఆయన ఫోను చేసి, పొడిగించాలంటే పాతిక వేలు కావాలన్నాడు. అంత ఎందుకయ్యా అంటే, పేరు నాది గదా అన్నాడు. విచారిస్తే నిజమే. ఆ వెబ్‌సైటు పేరు రిజిస్టరు చేసింది ఆయన పేరన, ఆయన ఈ-మెయిలుతో. డబ్బు మాది, సరుకు మాది, పట్టా ఆయనది!

రెవెన్యూలో ముప్ఫై ఆరేళ్ళు పనిచేశాను. పట్టాదారు పేరు చూడకుండా భూమి కొన్నవాళ్ళను ఎంతమందిని మందలించానో లెక్కలేదు. నా ఇంటి వ్యవహారం దగ్గరకు వచ్చేసరికి ఆ కాలమే చూడలేదు. డాట్ ఇన్ పేర్ల తగాదాలు తీర్చడానికి నిక్సీ అనే సంస్థవారి పద్ధతి ఒకటి ఉంది. దాని ఖర్చూ, కాలమూ మేము భరించలేమనిపించి వదులుకున్నాము. కార్డులూ సంచులూ అటకెక్కాయి. మావాడు నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు చూసుకుంటావనుకున్నాను మామయ్యా" అన్నాడు, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈసారి ఎవరికీ ఇవ్వకుండా నేనే చేస్తానని మరునాడు చెప్పాను.

ఇక అసలు విషయానికి వస్తాను. వెబ్‌సైటు అంటే ఏమిటి? 1989లో టిమ్ బెర్నర్స్ లీ అనే ఆంగ్లేయుడు జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో ఈ పద్ధతిని ప్రతిపాదించాడు. ఆయన కోరినది ఏమంటే, చెల్లాచెదురుగా ఉన్న కాగితాలలో ఒకదాని నుంచి ఇంకొకదానికి నేరుగా పోగలగాలని. మనం ఫైలు మార్జినులో "47వ పేజీ చూడుడు" అని వ్రాయలేదా? దానినే వాళ్ళు లింకు అన్నారు. 1993లో సెర్న్ వారు ఈ పద్ధతిని ఏ రుసుమూ లేకుండా లోకానికి వదిలిపెట్టారు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్టు వచ్చింది 1995 ఆగస్టు 15న, వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా. మొదట్లో పేజీ తయారు చేయాలంటే గుర్తులన్నీ చేత్తో వ్రాయవలసి వచ్చేది. ఇప్పుడా అవసరం లేదు. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ వంటివాటిలో ఉత్తరం టైపు చేసినట్లే టైపు చేసి, ఫొటో అంటించి, "ప్రచురించు" అన్న బటను నొక్కడమే. గుర్తులు అదే వేసుకుంటుంది.

మనం తెలుసుకోవలసినవి మూడే: పేరు, స్థలం, ఇల్లు.

పేరు అంటే డొమైను. కంప్యూటర్లకు అసలు చిరునామా అంకెలలో ఉంటుంది. మనిషి పేరు కొడితే ఆ అంకెలు వెతికి ఇచ్చే పెద్ద చిరునామాల పుస్తకం ఒకటి ఇంటర్నెట్టులో ఉంది. ఆ పుస్తకంలో మన పేరు నమోదు కావాలి. డాట్ ఇన్ పేర్లు 2005 నుంచి ఎవరైనా తీసుకోవచ్చు. తెలుగు లిపిలోనే డాట్ భారత్ అని కూడా ఉంది. మామూలు డాట్ ఇన్ పేరుకు ఏడాదికి కొన్ని వందల రూపాయలకు మించి కాదు. అయితే కొనేటప్పుడు యజమాని పేరు, ఈ-మెయిలు, ఫోను వ్యాపారివే ఉండాలి. అల్లుడివి వద్దు, తయారు చేసినవాడివి వద్దు, నావి కూడా వద్దు. నేను మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని వాడి పేరనే నమోదు చేయించాను. రసీదు కాగితం మీద తీసి బీరువాలో పెట్టించాను.

పేరును శాశ్వతంగా కొనడం ఉండదు, గడువు కట్టి ఉంచుకోవడమే. మనకు ఏటేటా లైఫ్ సర్టిఫికెట్టు ఉన్నట్లే దానికీ ఉంది. మనిషి బ్రతికే ఉన్నా సర్టిఫికెట్టు ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది గదా! గడువు దాటితే పేరు కూడా ముందు ఆగుతుంది, ఆనక ఇంకొకరు ఎగరేసుకుపోవచ్చు. ఆ తేదీని కేలండరు మీద ఎర్ర సిరాతో వ్రాయండి.

రెండోది స్థలం, అంటే హోస్టింగు. మన పేజీలు ఇరవైనాలుగు గంటలూ వెలుగుతూ ఉండే కంప్యూటరులో కొంత జాగా అద్దెకు తీసుకోవడం. ఉచితంగా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. నేర్చుకోవడానికి అవి మంచివే. కాని అరువు సొమ్ములు బరువు చేటు అన్నారు. జియోసిటీస్ అనే ఉచిత ఊరిలో ఒకప్పుడు లోకమంతా ఇళ్ళు కట్టుకుంది. 2009లో యాహూ వారు దానిని మూసేశారు. చిన్న వ్యాపారాలకు గూగుల్ వారు ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లను 2024 మార్చిలో ఆపేశారు. ఉచితమైనా, డబ్బిచ్చినా అడగవలసిన ప్రశ్న ఒకటే: "రేపు ఖాళీ చేయమంటే నా సామాను నేను తీసుకుపోవచ్చునా?" తీసుకుపోవచ్చునంటేనే దిగండి. గూగుల్ మ్యాపులో మాత్రం దుకాణం పేరు, ఫోను ఉచితంగా పెట్టించండి. అది దారి చూపే బోర్డు, ఇల్లు కాదు.

మూడోది ఇల్లు, అంటే పేజీలు. ఇక్కడే నాకు ధైర్యం వచ్చింది. ఎందుకంటే ఇది ఫైలు పనే. మేము అయిదు పేజీలు పెట్టాము. మేమెవరం, సరుకులు, అద్దకం ఎలా జరుగుతుంది, ధరలు-పంపే విధానం, చిరునామా. ఒక్కొక్క పేజీకి ముందు తెల్లకాగితం మీద డ్రాఫ్టు వ్రాశాను. కొట్టివేతలు చేసి, ఫెయిరు కాపీ తీసి, ఆ తరువాతే కంప్యూటరు ముట్టుకున్నాను. మొత్తం మూడు నెలలు పడితే, అందులో కంప్యూటరు పని పన్నెండు రోజులు. మిగిలినదంతా వివరాలు సేకరించడం. ఒక్కొక్క గుడ్డ పొడవు, పన్నా, నూలు రకం, రంగులు, ఉతికే పద్ధతి, ధర, ఎన్ని ఉన్నాయి అన్నవి స్టాకు రిజిస్టరు మాదిరి గీతలు గీసి నింపాను.

ఆ రిజిస్టరు నింపేటప్పుడే మా ఇంట్లో ఒక పేచీ వచ్చింది. అన్నిటికీ "సహజ రంగులు, చేతి అచ్చు" అని వ్రాయమన్నాడు మావాడు. "అన్నీ అవేనా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. కొన్ని రసాయన రంగులవి, కొన్ని స్క్రీనువి, బజారులో నిలబడాలంటే అవీ ఉండాలన్నాడు. నిజమే, ఉండాలి. అయితే విడిగా వ్రాయాలి. "మామయ్యా, అలా వ్రాస్తే ఎవడు కొంటాడు?" అన్నాడు. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. చివరకు మా బావగారు కల్పించుకొని, "విడిగానే వ్రాయండిరా. మనం చెప్పకపోయినా మొదటి ఉతుకులో గుడ్డే చెబుతుంది" అన్నారు. రెండు పట్టీలు వేశాము. అచ్చు గుడ్డల పట్టీ కింద, ఒక అచ్చు పక్కన ఇంకొకటి వేసేటప్పుడు కలిసే చోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తుందనీ, అది లోపం కాదు, చేతిపని గుర్తు అనీ వ్రాశాము. ఇప్పుడు ఫోను చేసేవాళ్ళు ఎక్కువగా చెప్పేది ఆ వాక్యం గురించే.

వ్యాపారి పేరు, చిరునామా, ఫిర్యాదు ఎవరికి చేయాలి, సరుకు వాపసు పద్ధతి ఇవన్నీ స్పష్టంగా ఉండాలి. ఇంటర్నెట్టు మీద అమ్మకాలకు 2020లో కేంద్రం వినియోగదారుల నిబంధనలు చేసింది. పన్ను సంగతి మీ ఆడిటరును అడగండి, నన్ను అడగకండి. డబ్బు చెల్లింపుకు మేము పెద్ద ఏర్పాటు ఏదీ పెట్టలేదు. వాళ్ళు వాట్సాప్‌లో అడుగుతారు, మావాడు ఉన్నదీ లేనిదీ చెబుతాడు, యు.పి.ఐ.లో డబ్బు వస్తుంది, పోస్టాఫీసులో పార్సెలు కడతాడు. నెలకు పది, పదిహేను పార్సెళ్ళ వ్యాపారానికి అది చాలు.

తెలుగు టైపు విషయంలో ఒక్క హెచ్చరిక. డి.టి.పి. షాపులో పాత ఫాంట్లలో కొట్టించిన తెలుగును వెబ్‌సైటులో పెడితే పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. యూనికోడులో కొట్టాలి. మన ఫోనులో కొట్టే తెలుగు అదే, భయం లేదు. నోటితో చెప్పినా వ్రాసుకుంటుంది. తరువాత తప్పులు దిద్దుకోవడం మన పని.

ఫొటోల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పొద్దుటి పూట నీడలో, తెల్ల దుప్పటి పరచి, ఫోనుతోనే తీశాను. ఫోను ఫొటో బరువు ఎక్కువ. అలాగే పెడితే పల్లెటూరి ఫోనులో పేజీ తెరుచుకోదు. అందువల్ల వెడల్పు పన్నెండు వందల పిక్సెళ్ళకు తగ్గించి పెట్టాను. ఆఫీసు అలవాటు కొద్దీ కొన్నిటి పక్కన పన్నెండంగుళాల చెక్క స్కేలు పెట్టి తీశాను. మావాడు నవ్వి, "మామయ్యా, ఇదేమన్నా సర్వేయా, స్కేలు తీసెయ్" అన్నాడు. అందుచేత సగం నుంచి తీసేశాను.

2023 దీపావళి తరువాత వెబ్‌సైటు తెరిచాము. నలభై ఏడు రోజులు ఒక్క ఫోను లేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. దానికి వెబ్‌సైటు పెట్టి చూడు అని కూడా కలపవచ్చుననుకున్నాను. నలభై ఎనిమిదో రోజున ఖరగ్‌పూర్ నుంచి ఒకావిడ చేసింది. అక్కడ రైల్వేలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయని మీకు తెలుసు. వాళ్ళ అమ్మగారి దుప్పటి మీద ఉన్న లతే మా పేజీలో కనిపించిందట. మూడు దుప్పట్లు తెప్పించుకుంది. ఆ తరువాత వాళ్ళ వీధిలోనే ఇంకో నాలుగు ఇళ్ళ నుంచి వచ్చాయి.

ఆ లత బొమ్మ నన్ను ఇంకో పనికి పురికొల్పింది. మా బావగారి దగ్గర ఒక నమూనాల పుస్తకం ఉండేది. తాను చేయించిన ప్రతి అచ్చుకూ ఒక ముద్ర గుడ్డ మీద వేసి, కత్తిరించి, లెడ్జరులో అంటించి పెట్టుకున్నారు. యాభై ఏళ్ళ పని. అందులో సగం అచ్చులు అరిగిపోయి, విరిగి ఇప్పుడు లేవు. ఆ పుస్తకం మొత్తం ఫొటోలు తీసి వెబ్‌సైటులో పెడదామని 2024 వేసవిలో సింగ్‌నగరులోని మా ఇంటికి తెచ్చుకున్నాను. ఇవ్వడానికి మా అక్క ఒప్పుకోలేదు. "జాగ్రత్తగా తెస్తానక్కా" అని చెప్పి తెచ్చాను. 212 ముద్రలు ఫొటోలు తీశాను. పుస్తకం మంచం కింద ట్రంకుపెట్టెలో పెట్టాను. రేపు ఇద్దాం, మాపు ఇద్దాం అనుకుంటూ ఉండిపోయాను.

సెప్టెంబరు 1న బుడమేరు వచ్చింది. మీలో చాలామంది ఆ నీళ్ళలో ఉన్నవాళ్ళే. నేను వర్ణించనక్కరలేదు. మేము పై వాటాలోకి ప్రాణాలతో ఎక్కాము. నీరు తీసిన తరువాత ట్రంకు తెరిస్తే పుస్తకం లేదు, బురద ముద్ద ఉంది. అసలు ఫొటోలున్న కంప్యూటరూ పోయింది. ఫోను మార్చినప్పుడు అందులోనివి అంతకుముందే చెరిపేశాను.

పెడన వెళ్ళి చెప్పడానికి నాకు వారం పట్టింది. మా అక్క ఏడ్చింది. మా బావగారు చాలాసేపు ఊరుకొని, "కంప్యూటరులో ఎక్కించానన్నావు గదా, అవీ పోయాయా?" అని అడిగారు. మావాడు ఫోనులో తెరిచి చూపించాడు. 212 బొమ్మలూ ఉన్నాయి. ఆయన కళ్ళజోడు సవరించుకుంటూ ఒక్కొక్కటే చూశారు. "పుస్తకం పోతే పోయిందిలేవోయ్. చెక్కేవాడికి బొమ్మ కావాలి" అన్నారు.

ఆయన అన్నట్లే ఆ తరువాత తొమ్మిది పాత అచ్చులు మళ్ళీ చెక్కించాము. అయితే ఎలాంటివి చెక్కించగలిగామో వినండి. స్కేలు పెట్టి తీసిన వాటిలో నుంచే ఆ తొమ్మిదీ. స్కేలు లేనివాటికి కొలత తెలియదు. వెబ్‌సైటు కోసం చిన్నవి చేసిన ఫొటోలలో సన్నని గీతలు కొన్ని అలుక్కుపోయాయి. వాటిని మా బావగారు ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకొని పెన్సిలుతో గీస్తున్నారు. ఆయనకు గుర్తున్నంతవరకే అది. కనుక వెబ్‌సైటు దుకాణమే గాని రికార్డు రూము కాదు. అసలు ఫొటోలు తగ్గించకుండా ఒక కాపీ పెన్‌డ్రైవులో, ఇంకొక కాపీ వేరే ఊళ్ళో ఉన్న బంధువుల ఇంట్లో ఉండాలి. మనం ఆర్.డిస్. ఫైలును ఎలుకలకు అందకుండా పై అరలో పెట్టలేదా? ఇదీ అంతే.

మిత్రులారా, ఈ పనికి ప్రోగ్రామింగు రాకపోవడం నాకెక్కడా అడ్డు కాలేదు. నేను దెబ్బతిన్న ప్రతి చోటా గుమస్తాగా నాకు బాగా తెలిసిన సంగతినే మరిచిపోయాను. పట్టా ఎవరి పేరనున్నదో చూడలేదు. రికార్డుకు కాపీ పెట్టలేదు. తెచ్చిన పుస్తకం తిరిగి ఒప్పజెప్పలేదు. నిలబెట్టినవి కూడా మన పాత అలవాట్లే. పూర్తి వివరాలు, ఉన్నది ఉన్నట్లు వ్రాయడం, గడువు తేదీ రిజిస్టరు, ఫొటో పక్కన ఒక చెక్క స్కేలు.

మన చుట్టూ కొండపల్లి బొమ్మలవాళ్ళున్నారు, మంగళగిరి నేతవాళ్ళున్నారు, పచ్చళ్ళు పెట్టి అమ్మే ఆడవాళ్ళు వీధికొకరున్నారు. వాళ్ళకు పనితనం ఉంది, కాగితం పని చేసే తీరిక లేదు. మనకు తీరికా ఉంది, కాగితం పనీ వచ్చు. నెలకు రెండో శనివారం ఉదయం పదింటి నుంచి ఈ సంఘ భవనంలోనే కూర్చుంటాను. మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని అటువంటివారెవరైనా ఉంటే వెంటబెట్టుకొని రండి. వాళ్ళ సరుకు వివరాలు ఒక తెల్లకాగితం మీద వ్రాసి తెస్తే చాలు, మిగిలినది కలిసి చేద్దాం. వాళ్ళ ఫోను మాత్రం వాళ్ళ చేతిలోనే ఉండాలి. ఓ.టి.పి. నాకు కూడా చెప్పకూడదు.

పది నిమిషాలన్నారు, ఎక్కువే తీసుకున్నాను.